కంప్యూటరు వ్యవస్థ మార్చిన పిమ్మట ఇంటి నెట్‌వర్కు ఏల పనిచేయదు?

ఒక ఇంటిని ఊహించుకొందము. ఆ ఇంటిలో రెండు కంప్యూటర్లు ఉన్నవి. ముందుగదిలోని పాత కంప్యూటరులో, ఉపాధ్యాయుడైన తండ్రి ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు దాచుకొనుచున్నాడు. రెండవది కుమార్తె చదువుకొనుటకు వాడు ల్యాప్‌టాప్. గోడకు తగిలించిన రౌటరు ఈ రెంటిని కలుపుచున్నది. తండ్రి కంప్యూటరులోని పాఠములను కుమార్తె తన గదిలో నుండియే తెరచి చదువుకొనెడిది. ఒకనాటి రాత్రి ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 స్థానమున విండోస్ 11 ఎక్కించిరి. తెల్లవారి చూడగా ఇంటర్నెట్ వచ్చుచున్నది గాని, తండ్రి కంప్యూటరు మాత్రము ఆమెకు కనబడుటలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. ఆ కారణమున ఎన్నో ఇండ్లలో, పాఠశాలలలో వ్యవస్థను మార్చవలసివచ్చినది. ఇట్టి సమయమున మనము సాధారణముగా చేయు పని ఏమి? రౌటరును ఆర్పి వెలిగింతుము. కనబడిన అమరికలన్నియు మార్తుము. ఎవరో చెప్పిరని రక్షణ గోడను తీసివేయుదుము. ఒక్కొక్కప్పుడు పని జరుగును. కాని పది మార్పులు ఒకేసారి చేసినచో, ఏ మార్పు వలన బాగుపడినదో తెలియదు. ఏ మార్పు వలన ఇంటికి కొత్త అపాయము వచ్చినదో అంతకంటెను తెలియదు. వైద్యుడు రోగమును గుర్తింపక పది మందులు ఒకేసారి ఇచ్చుట వంటిదే ఇది.

ఏమి మారినది? ఏమి మారలేదు?

మొదట ఈ ప్రశ్న వేసికొనవలెను. రౌటరు మారలేదు. తీగలు, రేడియో తరంగములు మారలేదు. తండ్రి కంప్యూటరు మారలేదు. మారినది ల్యాప్‌టాప్‌ను నడుపు ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే. కనుక, ఇంతకు పూర్వము ఆ వ్యవస్థ ఏ పనులు చేయుచుండెనో తెలిసికొన్నచో, ఎచ్చట వెదకవలెనో తెలియును.

ఒక ఊరిలో ఒకరు మరొకరి ఇంటికి పోయి ఒక కాగితము తెచ్చుకొనవలె ననుకొందము. ఐదు విషయములు సరిగా ఉండవలెను. దారి ఉండవలెను. ఇంటి నంబరు తెలియవలెను. వాకిలి తెరచి ఉండవలెను. ఇద్దరికి తెలిసిన భాష ఒకటి ఉండవలెను. చివరకు, వచ్చినవారెవరో ఇంటివారు గుర్తింపవలెను. కంప్యూటర్ల విషయమున కూడ ఇవే ఐదు మెట్లు: మార్గము, చిరునామా, ద్వారము, భాష, గుర్తింపు. క్రింది మెట్టు గట్టిగా లేనిదే పై మెట్టును పరీక్షించుట వ్యర్థము. కనుక క్రిందినుండి పైకి పోవుదము.

మార్గము

కంప్యూటరులోని వై-ఫై పరికరమును నడుపుటకు డ్రైవరు అను చిన్న ప్రోగ్రాము కావలెను. పాత వ్యవస్థకు వ్రాసిన డ్రైవరు కొత్త వ్యవస్థలో పనిచేయక పోవచ్చును. అప్పుడు డివైస్ మేనేజర్ పట్టికలో ఆ పరికరము ప్రక్కన పసుపుపచ్చని హెచ్చరిక గుర్తు కనబడును. తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవరును చేర్చిన ఈ లోపము పోవును.

మన ఉదాహరణలో ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ వచ్చుచున్నది. అనగా దాని డ్రైవరు, వై-ఫై, రౌటరు పనిచేయుచున్నవని రుజువైనది. రౌటరును ఆర్పి వెలిగించుట వలన ఇచ్చట ప్రయోజనము లేదు. ఒక్క వాస్తవమును గమనించుట వలన ఎన్ని అనుమానములు తొలగిపోయినవో చూడుడు.

చిరునామా

నెట్‌వర్కులోని ప్రతి యంత్రమునకు ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉండును. నేటికిని ఇండ్లలో విరివిగా వాడబడు నాలుగవ కూర్పు చిరునామాలో 32 బిట్లు గలవు. అనగా మొత్తము 429,49,67,296 చిరునామాలు మాత్రమే సాధ్యము. ప్రపంచమందలి యంత్రములన్నిటికి ఇవి చాలవు. అందుచే 1996లో వెలువడిన ప్రమాణము కొన్ని వరుసలను ఇంటి లోపలి వాడుకకై కేటాయించినది. 192.168తో మొదలగు 65,536 చిరునామాలు అట్టివే. ప్రతి ఊరిలోను ఒకటవ నంబరు ఇల్లు ఉన్నట్లే, ప్రతి ఇంటి రౌటరు క్రిందను ఇవే సంఖ్యలు మరల మరల వాడవచ్చును.

కమాండ్ ప్రాంప్ట్ తెరచి ఐపీకాన్ఫిగ్ అను ఆజ్ఞ ఇచ్చినచో ఆ కంప్యూటరు చిరునామా కనబడును. రెండు కంప్యూటర్లలోను చూచి వ్రాసికొనవలెను. ఒకదానిది 192.168.1.5, రెండవదానిది 192.168.1.12 అయినచో, సాధారణముగా ఇండ్లలో ఉండు అమరికను బట్టి, రెండును ఒకే వీధిలో ఉన్నట్లు. ఒకటి 192.168.0తోను, మరొకటి 192.168.1తోను మొదలైనచో, ఇంటిలో రెండు రౌటర్లు ఉండి అవి వేరువేరు వీధులను ఏర్పరచియుండవచ్చును. 169.254తో మొదలగు చిరునామా కనబడినచో, రౌటరు నుండి చిరునామా అందక కంప్యూటరు తనకు తానే ఒక సంఖ్య పెట్టుకొన్నదని అర్థము. ల్యాప్‌టాప్ పొరపాటున రౌటరు యొక్క అతిథి వై-ఫైలో చేరియుండుట మరొక కారణము. అతిథి వై-ఫైలోనివారికి ఇంటర్నెట్ వచ్చును గాని, ఇంటిలోని తక్కిన యంత్రములు కనబడవు.

ఒక యంత్రము మరొకదానికి అందుచున్నదా అని తెలిసికొనుటకు పింగ్ అను ఆజ్ఞ ఉన్నది. దీనిని అమెరికా సైనిక పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983లో వ్రాసెను. జలాంతర్గాములు శబ్దమును పంపి ప్రతిధ్వని వినునట్లు, ఇదియు ఒక చిన్న సందేశమును పంపి బదులు కొరకు వేచియుండును. బదులు వచ్చినచో మార్గము, చిరునామా రెండును సరియే. బదులు రానిచో తొందరపడి నిర్ణయమునకు రారాదు. అవతలి కంప్యూటరు రక్షణ గోడ ఇట్టి పలకరింపులను అడ్డగించుచుండవచ్చును. తలుపు తట్టగా ఎవరును పలుకనంత మాత్రమున ఇంటిలో ఎవరును లేరని చెప్పజాలము గదా!

ద్వారము

విండోస్ వ్యవస్థ తాను చేరిన ప్రతి నెట్‌వర్కును పబ్లిక్ అనియో, ప్రైవేట్ అనియో గుర్తు పెట్టుకొనును. రైల్వేస్టేషనులోని వై-ఫై పబ్లిక్, ఇంటిలోనిది ప్రైవేట్. పబ్లిక్ నెట్‌వర్కులో కంప్యూటరు తాను ఇతరులకు కనబడదు, ఇతరులను వెదకదు, లోపలికి వచ్చువారిని అడ్డగించును. బజారులో నగలు దాచికొని నడచుట వంటిది ఇది. వ్యవస్థ మారిన తరువాత ఇంటి వై-ఫై కొన్నిసార్లు పబ్లిక్ జాబితాలో చేరియుండును. సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్కు వివరములు తెరచి, ప్రైవేట్ అని మార్చిన చాలును. రక్షణ గోడను పూర్తిగా తీసివేయవలసిన పని లేదు.

ఇచ్చట మరొక మార్పును కూడ తెలిసికొనవలెను. 2009లో విండోస్ 7తో వచ్చిన హోమ్‌గ్రూప్ అను సౌకర్యము ఇంటిలోని కంప్యూటర్లన్నిటిని ఒకే పాస్‌వర్డుతో కలిపెడిది. 2018లో వెలువడిన విండోస్ 10 కూర్పునుండి దానిని తొలగించిరి. కనుక పాతదానికై ఎంత వెదకినను దొరకదు. ఫోల్డరును విడిగా పంచుకొనుటయే నేటి పద్ధతి.

భాష

ఫైళ్ళు అడిగి పుచ్చుకొనుటకు విండోస్ కంప్యూటర్లు వాడు భాష పేరు ఎస్.ఎం.బి. దీనికి 1983లో ఐబీఎం సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపకల్పన చేసెను. విండోస్ విస్టాతో రెండవ తరము, 2012లో విండోస్ 8తో మూడవ తరము వచ్చినవి. విండోస్ ఎక్స్‌పీ వంటి పాత వ్యవస్థలకు, కొన్ని పాత నిల్వపెట్టెలకు, పాత స్కానర్లకు మొదటి తరము భాష తప్ప మరొకటి తెలియదు. 2017 చివరి నుండి మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ మొదటి తరమును క్రమముగా తొలగించుచు వచ్చినది. విండోస్ 10లోని కొన్ని రకములలో 15 దినములు వాడకున్నచో అది దానంతట అదే పోవును. నెలకొకసారి మాత్రము తెరచు నిల్వపెట్టె ఉన్నట్లుండి ఏల అందకపోయినదో దీనివలన తెలియును.

ఆ భాషను మరల ప్రవేశపెట్టుట కష్టము కాదు. ఒక చిన్న గడిలో గుర్తు పెట్టిన చాలును. అందుచే పలువురు దీనినే మందుగా చెప్పుచుందురు. కాని దానిని తొలగించుటకు గల కారణము చూడుడు. మొదటి తరము ఎస్.ఎం.బి.ని నడుపు ప్రోగ్రాములోని ఒక లోపమును ఆధారము చేసికొని, 2017 మే 12న వానాక్రై అను హానికర ప్రోగ్రాము వ్యాపించినది. అది ఒక కంప్యూటరు నుండి మరొకదానికి తానే ప్రాకి, ఫైళ్ళకు తాళము వేసి, విడుదలకు డబ్బు అడిగినది. సుమారు 150 దేశములలో కంప్యూటర్లు దీని వాత బడినవి. ఇంగ్లండులో మూడింట ఒక వంతు ఆసుపత్రి ట్రస్టుల పని దెబ్బతిన్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లకు కూడ ఇది సోకినది. ఆ లోపమును సరిచేయు సవరణ అప్పటికి రెండు నెలల క్రిందటనే వెలువడియుండెను. సవరణ చేర్చుకొననివారే ఎక్కువగా నష్టపోయిరి.

కనుక పాత భాషను మరల తెచ్చుటకంటె, పాత పరికరమునకు తయారీదారు కొత్త సవరణ ఇచ్చియున్నాడేమో చూచుట మేలు. లేనిచో అందలి ఫైళ్ళను వేరొకచోటికి మార్చి, ఆ పరికరమునకు విశ్రాంతి నిచ్చుట మేలు.

ఇంకొక చిత్రమైన విషయము. నెట్‌వర్కులోని కంప్యూటర్ల పేర్లను పట్టికగా చూపు పాత ఏర్పాటు కూడ ఈ మొదటి తరము మీదనే ఆధారపడియుండెను. అందుచే పట్టిక ఖాళీగా ఉన్నను, ఫైళ్ళు అందుచుండవచ్చును. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైభాగమున రెండు వెనుకవాలు గీతలు వ్రాసి, వాటి వెంట అవతలి కంప్యూటరు చిరునామా వ్రాసి చూడవలెను. పట్టికలో పేరు లేకున్నను ఇల్లు తెరచుకొనవచ్చును.

గుర్తింపు

మన ఉదాహరణలోని కుమార్తె ఇట్లే చేసినది. ల్యాప్‌టాప్ నెట్‌వర్కును ప్రైవేట్ చేసినది, చిరునామాలు సరిపోల్చినది, తండ్రి కంప్యూటరు చిరునామాను నేరుగా వ్రాసినది. అప్పుడు ఒక సందేశము వచ్చినది. దాని సారాంశము: గుర్తింపు లేని అతిథి ప్రవేశము నిషిద్ధము.

ఈ సందేశమును చూచి నిరాశ పడనక్కరలేదు. మార్గము, చిరునామా, ద్వారము, భాష అన్నియు సరిగా ఉన్నవని, లోపము చివరి మెట్టు వద్దనే ఉన్నదని ఇది తెలుపుచున్నది. ఇంతకాలము ఆమె పేరు గాని పాస్‌వర్డు గాని చెప్పక, అతిథిగా తండ్రి ఫోల్డరులోనికి పోవుచుండెను. 2024లో వచ్చిన విండోస్ 11 యొక్క 24హెచ్2 కూర్పులో, ప్రో వంటి రకములు ఇట్టి అతిథి ప్రవేశమును ముందుగానే నిలిపివేసినవి. కొత్త వ్యవస్థ చెడిపోలేదు. పేరు చెప్పనిదే పోరాదని ల్యాప్‌టాప్‌ను ఆపినది.

ఇప్పుడు తండ్రి ఆలోచింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. కుమార్తె పేరు చెప్పకుండ పోగలిగినప్పుడు, ఆ ఇంటి వై-ఫై పాస్‌వర్డు తెలిసిన వారెవరైనను పోగలిగియుందురు గదా! ఇంటికి వచ్చిన విద్యార్థి తన ఫోనుతో పరీక్షకు ముందే ప్రశ్నపత్రమును చూచియుండవచ్చును. ఆ సంగతి నిన్నటివరకు ఎవరికిని తట్టలేదు.

పరిష్కారము సులభము. తండ్రి కంప్యూటరులో పాస్‌వర్డుతో కూడిన పంపిణీని అమలుచేసి, కుమార్తె పేరున ఒక ఖాతా తెరచి, పాఠములున్న ఫోల్డరును మాత్రమే ఆమెకు పంచవలెను. ప్రశ్నపత్రముల ఫోల్డరును పంచరాదు. ఒక్క జాగ్రత్త: కంప్యూటరు తెరచుటకు వాడు పిన్ అంకెలు ఆ యంత్రమునకు మాత్రమే చెల్లును, నెట్‌వర్కు ద్వారా పోవునప్పుడు ఖాతా యొక్క అసలు పాస్‌వర్డునే వ్రాయవలెను. చాలమంది ఇచ్చటనే పొరబడి, అంతా సరిచేసిన తరువాత కూడ ప్రవేశము దొరకుటలేదని విసుగు చెందుదురు.

పాఠశాలలో చేయదగిన అభ్యాసము

కంప్యూటరు గదిలో రెండు యంత్రములతో ఉపాధ్యాయులు దీనిని ఒక ప్రయోగముగా చేయింపవచ్చును. విద్యార్థులు నోటుపుస్తకములో మూడు గళ్ళు గీయవలెను: వేసిన ప్రశ్న, చేసిన పరీక్ష, వచ్చిన ఫలితము. ఉపాధ్యాయుడు ముందుగా ఒక అమరికను మార్చియుంచవలెను. ఒకసారి నెట్‌వర్కును పబ్లిక్ చేయవచ్చును. మరొకసారి ఒక యంత్రమును వేరొక వై-ఫైలో చేర్చవచ్చును. విద్యార్థులు ఐదు మెట్లు వరుసగా ఎక్కుచు లోపమును కనుగొనవలెను. నియమములు రెండే: ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను, మార్చినదానివలన ఫలితము లేనిచో, దానిని మొదటి స్థితికి తెచ్చి ముందుకు పోవలెను.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక్క రాశిని మార్చి తక్కినవాటిని స్థిరముగా ఉంచుట మన విద్యార్థులకు తెలిసిన పద్ధతియే. ఇంటిలో కంప్యూటరు మొరాయించిన ఉదయమున కూడ అదే పద్ధతి పనికివచ్చును. వచ్చు సంవత్సరము వ్యవస్థ మరల మారవచ్చును. అమరికల పేర్లు మారవచ్చును. ఈ ఐదు ప్రశ్నలు మాత్రము అప్పుడును ఇదే వరుసలో అడుగవలసియుండును.