ఏ.సి. శుభ్రతకు ఎంత చెల్లించాలి?

వేసవి రాగానే ఉప్పల్, నాచారం గృహిణులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: “ఏ.సి. వేస్తే తుమ్ములు, పొడిదగ్గు వస్తున్నాయి. కషాయమేదైనా ఉన్నదా?” కషాయానికి ముందు నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని తొలగించడం ముఖ్యం. పారిశ్రామికవాడ, వరంగల్ రహదారి దుమ్ము ఉన్నచోట ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. దానిని పదిహేను రోజులకొకసారి, విద్యుత్తు ఆపి, నీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. ఇందుకు ఖర్చే లేదు.

లోపలి కాయిల్, నీరు పోయే గొట్టం మాత్రం మెకానిక్ పని. గొట్టం మూసుకుంటే నీరు నిలిచి బూజు పడుతుంది. స్ప్లిట్ ఏ.సి. ఒకదానికి 500 నుండి 800 రూపాయలు న్యాయమైన ధర అని నా అభిప్రాయం. బూజువాసన ఉండి నురుగుతో కడిగించవలసివస్తే మరికొంత అవుతుంది. “గ్యాసు తగ్గింది” అని వేలు అడిగితే లీకు ఎక్కడో చూపమనండి. గ్యాసు పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు.

అమెరికాలోని మన పిల్లల ఇళ్ళలో గోడల వెనుక గాలిగొట్టాలుంటాయి. వాటి శుభ్రతకు సాధారణంగా 450 నుండి 1,000 డాలర్లవుతుందనీ, దానివల్ల అనారోగ్యం నివారణ అవుతుందని రుజువు కాలేదనీ ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతున్నది. ఈ మాట వారికి తెలియజేయండి.

సాంబ్రాణి పొగతో ఏ.సి. శుద్ధి అవుతుందనుకునేవారున్నారు. పొగ కాయిల్ మీది మురికిని కదల్చదు సరికదా, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెంచుతుంది. శుభ్రపరచిన తరువాత కూడా పిల్లికూతలు తగ్గకపోతే ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి.