దారి తెలియని ఊళ్లకు అనంతదూరము

సెమిలిగుడనుండి రాయగడకు పోవలసినవాడు సునాబేడ మీదుగా కోరాపుట్టు చేరి, అచ్చటినుండి లక్ష్మీపురము దారిని పోవచ్చును. లేదా పొట్టంగి దాటి, సుంకి ఘాటీ దిగి, సాలూరు పార్వతీపురములమీదుగా చుట్టిపోవచ్చును. వీనిలో ఏది దగ్గర యని ఏ లారీ డ్రైవరు నడిగినను క్షణములో చెప్పును గాని, ఆ మాటే కంప్యూటరుచేత చెప్పింపవలెనన్నచో, మొట్టమొదట దానికి అనంతమును నేర్పవలసియుండును.

డచ్చి శాస్త్రజ్ఞుడైన డైక్‌స్ట్రా 1956లో ఊహించి 1959లో ప్రకటించిన పద్ధతి, నేడు కళాశాలలలో బోధింపబడు రూపమున, బయలుదేరు ఊరికి సున్నను, తక్కిన సమస్తమైన ఊళ్లకును అనంతమును దూరముగా వ్రాసికొని ప్రారంభమగును. సెమిలిగుడ పొరుగున నున్న సునాబేడకును పొట్టంగికిని నిజమైన దూరములు తెలిసినంతనే అచ్చటి అనంతములు చెరిగిపోవును. తరువాత కోరాపుట్టు, సాలూరు, ఆ తరువాత వాని పొరుగూళ్లు. ఇందు అనంతమనగా ‘ఇంకను దారి తెలియలేదు’ అను గుర్తు మాత్రమే. వేదాంతులు విన్నచో నవ్వుదురేమో గాని, ప్రోగ్రాములలో అనంతము ఎక్కువగా చేయు ఉద్యోగ మిదియే. జాబితాలో పోర్ట్‌బ్లెయిరును చేర్చితిమా, రహదారి లేదు గనుక, పని ముగిసినను దాని యెదుట అనంతమే మిగిలియుండును.

మరి పరిమితమైన యంత్రమున అనంతము ఇముడుట యెట్లు? విలియం కాహన్ ప్రధాన శిల్పిగా 1985లో వెలువడిన ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణమునుబట్టి, దశాంశసంఖ్యకు కేటాయించిన 64 బిట్లలో మొదటిది ధన ఋణ చిహ్నము; తరువాతి 11 బిట్లన్నియు ఒకట్లై, మిగిలిన 52 బిట్లన్నియు సున్నలైనచో అది అనంతము. ఒకటిని సున్నచే భాగించిన ఇదియే వచ్చును. దీనికి ఎంత కూడినను, దీనినుండి ఎంత తీసినను మారదు. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు బీజగణితమున ఖహరరాశినిగూర్చి చెప్పినదియు నిదియే. అంతకు మూడు శతాబ్దములకు పూర్వము మహావీరాచార్యుడు, సున్నచే భాగించినను రాశి మారదని గణితసారసంగ్రహమున వ్రాసెను. మన పావులూరి మల్లన తెనిగించినది ఆ గ్రంథమునే. మహావీరునియందు ఎంత గౌరవమున్నను, ఈ వివాదమున యంత్రనిర్మాతలు భాస్కరుని పక్షమునే వహించిరి. అనంతమునుండి అనంతమును తీసివేసినపుడు మాత్రము ‘సంఖ్య కానిది’ అను వేరొక గుర్తు పుట్టును; అది తనకు తానే సమానము కాని విచిత్రపదార్థము.

పూర్ణాంకముల కీ సౌకర్యము లేదు. 32 బిట్ల పూర్ణాంకమున ప్రతి బిట్ల కూర్పును ఏదో యొక సంఖ్యకు చెందియుండుటచే అనంతమునకు చోటే మిగులదు. అందుచే కొందరు అందలి గరిష్ఠసంఖ్యయగు 2147483647నే అనంతమని భావించి వాడుదురు. చిక్కంతయు కూడికలో నున్నది. ‘మూడవ ఊరిమీదుగా పోయిన దగ్గరగునా’ యని ప్రతి జంటకును పరీక్షించు ఫ్లాయిడ్ పద్ధతిలో, సెమిలిగుడనుండి కవరత్తికిని, కవరత్తినుండి పోర్ట్‌బ్లెయిరుకును గల రెండు కృత్రిమానంతములను జావా భాషలో కూడినచో వచ్చునది −2! ఎట్టి హెచ్చరికయు నుండదు. అది పాతదూరముకంటె తక్కువ గనుక యంత్రము దానినే స్వీకరించి, రెండు సముద్రముల నడిమి ఊళ్లను కూర్చి, సునాబేడకంటెను పోర్ట్‌బ్లెయిరే దగ్గర యని తీర్పు చెప్పును.

కావుననే అనుభవజ్ఞులు గరిష్ఠసంఖ్యను విడిచి 100 కోట్లను అనంతముగా పెట్టుకొందురు: రెంటిని కూడినను 200 కోట్లే యగుటచే హద్దు దాటదు, భూమిమీద అంత పొడవైన రహదారియు లేదు. పైథాన్ నేర్చుకొను విద్యార్థులకు ఈ ఉపాయముతో పని లేదు. ఆ భాషలో పూర్ణాంకములకు గరిష్ఠపరిమితి లేకపోయినను, వారు ఎన్ని అంకెల సంఖ్యను వ్రాసినను, మ్యాత్ మాడ్యూలులోని అనంతము దానికంటె పెద్దదిగానే నిలుచును.