మడ మొక్క కన్నా ముందు ఉప్పునీటి దారి

విజయనగరం జిల్లా తీరం చాలావరకు ఇసుక నేల కావడంతో, సరుగుడు తోటలు పెరిగే ఆ గట్ల మీద మడచెట్లు బతకవు. చంపావతి వంటి చిన్న నదులు సముద్రంలో కలిసే మొగల వద్ద, పోటుకు లోపలికి వచ్చిన నీరు పాటుకు వెనక్కి మళ్లే ఒండ్రు నేలలే వాటికి ఆధారం. ఆ ఉప్పు బురదలో పెరిగే చెట్ల సముదాయమే మడ అడవి. తుపాను అలల ఉధృతిని తగ్గించి, రొయ్యపిల్లలకు, పీతలకు ఆశ్రయమిచ్చే ఈ అడవిని పునరుద్ధరించే పనిలో, నాటిన మొక్కల లెక్కనే విజయంగా చూపడం నిస్సందేహంగా హాని చేసే అలవాటు.

తెల్ల మడ తాను పీల్చిన ఉప్పును ఆకుల్లోని గ్రంథుల ద్వారా వెలికి నెట్టడం వల్ల ఆకులకు ఉప్పు పలుకులు అంటుకుని ఉంటాయి. బురదలో గాలి ఆడదు గనుక దాని వేళ్ల నుంచి శ్వాసమూలాలు, అంటే ఊపిరి వేళ్లు, నిటారుగా పైకి లేచి పాటు వేళ గాలి తీసుకుంటాయి. నీరు కదలకుండా వాటిని ముంచేస్తే చెట్టు చస్తుంది. నీరే రాకపోతే నేలలో ఉప్పు పేరుకుని మొలక మాడిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో మరీ లోతుగా మునిగే సముద్రపు అంచున నాటిన ఉప్పుపొన్న అనే మడ జాతి మొక్కలు, కాండానికి గుల్లలు కమ్ముకుని, అలల తాకిడికి పెద్ద ఎత్తున నశించాయి.

తమిళనాడులోని పిచ్చావరంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ మడ అడవి క్షీణించడానికి మూలాన్ని వెదికింది. గతంలో అడవిని మొత్తంగా నరికిన చోట్ల ఎండకు నేల కుంగి పల్లమై, అందులో నిలిచిన పోటునీరు ఆవిరవుతూ ఉప్పును మిగిల్చిందని తేలింది. అందుకు విరుగుడుగా ఉప్పుటేరు నుంచి ఒక పెద్ద కాలువను, దానికి ఇరువైపులా ఏటవాలుగా చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలను తవ్వి, పోటుపాట్లకు దారి ఇచ్చిన తరువాతే మొక్కలు నాటారు. 1990ల చివర్లో ఇదే పద్ధతిని అటవీశాఖతో, మత్స్యకార గ్రామాలతో కలిసి గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో అనుసరించారు. ఒండ్రు పూడితే కాలువ పనిచేయదు కాబట్టి పూడిక తీసే గ్రామస్థుల శ్రమ ఇందులో ప్రధానమైనది.

ఉత్తరాంధ్ర చిన్న నదుల మొగలను ఇసుక మేటలు మూసే అవకాశం ఎక్కువ గనుక, ఇక్కడ ముందుగా నేల మట్టాన్ని కొలిచి, మొగ ఏ నెలల్లో తెరిచి ఉంటుందో వలవేసే వారిని అడిగి తెలుసుకోవాలి. పాత రొయ్యల చెరువు గట్టు పోటును అడ్డుకుంటున్న చోట ఆ గట్టుకు గండి కొడితే, సమీపంలో తల్లిచెట్లు ఉన్నప్పుడు విత్తనాలు నీటితోనే కొట్టుకువచ్చి మొలకెత్తుతాయి. తల్లిచెట్లు లేని చోట మాత్రమే నారు పెంచి నాటవలసి వస్తుంది.