చుక్కల వెనుక ‘అమ్మ’

“పిల్ల కంప్యూటర్ చదువుతానంటోంది. ఇంక తెలుగు సెక్షను ఎందుకండీ?” బడుల్లో చేరికల వేళ మన హెడ్మాస్టర్లు తరచూ వినే ప్రశ్న ఇది. హోసూరు వైపు ఒక బడిలో కంప్యూటర్ గదికి వెళ్లినప్పుడు ఈ ప్రశ్నకు కొంత జవాబు మా కళ్ల ముందే కనబడింది.

ప్లస్ వన్ చదివే ఒక అమ్మాయి సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాసింది. నడిపితే తెర మీద ‘అమ్మ’ అని తెలుగులో రావాలి. వచ్చినవి మాత్రం ఖాళీ డబ్బాలు. కంపైలరు తయారుచేసిన ఫైలులో అసలు ఆ మాట ఉందో లేదో చూద్దామని ‘స్ట్రింగ్స్’ అనే కమాండు ఇచ్చింది. ‘మెయిన్’, ‘పుట్స్’ వంటి ఇంగ్లీషు మాటలు వరుసగా వచ్చాయి. ‘అమ్మ’ జాడ లేదు. “తెలుగు లోపలికి పోలేదు సార్, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసేస్తాను” అంది. సార్ కూడా సరేననబోయారు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, అందరం కలిసి ఆ ఫైలును విప్పి చూశాం.

కత్తిరించిన ముక్కలు

మనం రాసిన ప్రోగ్రామును కంపైలరు యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తుంది. అలా మారి, ఇంకా పూర్తి ప్రోగ్రాం కానిదే ఆబ్జెక్టు ఫైలు. దర్జీ దగ్గర కత్తిరించి పెట్టిన చొక్కా ముక్కల్లాంటిది. ముక్కలన్నీ కలిపి కుట్టే పని లింకరుది. జీసీసీ కంపైలరుకు హైఫన్, చిన్న ‘సి’ జోడించి ఇస్తే కుట్టకుండా ముక్క దగ్గరే ఆగుతుంది. మామూలు ఎడిటరులో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. లోపల చూడడానికి వేరే పనిముట్లు ఉన్నాయి. ఉబుంటు వంటి లినక్స్‌లో జీసీసీ వేసుకుంటే అవీ వెంటే వస్తాయి. పైసా ఖర్చు లేదు.

మొదటిది ‘ఎన్ఎం’. ఫైలులోని పేర్ల జాబితా చూపిస్తుంది. ఆ అమ్మాయి ఫైలుకు రెండే వరుసలు వచ్చాయి. ‘మెయిన్’ పక్కన ‘టీ’ అక్షరం ఉంది, అంటే ఆ పని చేసే ఆదేశాలు ఈ ఫైలులోనే ఉన్నాయి. ‘పుట్స్’ పక్కన ‘యూ’ ఉంది, అంటే ఆ పేరు ఇక్కడ వాడుకున్నారు గాని సరుకు బయటి నుంచి రావాలి. చొక్కాకు గుండీలు ఇంకా తేవాలన్నట్టు. పిల్లలు బెదిరిపోయే లింకరు తప్పులు చాలావరకు ఈ ‘యూ’ పేర్లకు సరుకు దొరకనప్పుడు వచ్చేవే.

డబ్బాలు ఎవరి తప్పు?

రెండోది ‘ఆబ్జ్‌డంప్’. హైఫన్, చిన్న ‘ఎస్’ ఇస్తే ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. మారని మాటలు దాచే అరను ‘ఆర్ఓడేటా’ అంటారు. ఆ అరలో 13 బైట్లు కనిపించాయి. కుడి పక్కన అక్షరాలు చూపే చోట మాత్రం 13 చుక్కలే. “చూశారా, ఏమీ లేదు” అంది అమ్మాయి. ఎడమ వైపు చూడమన్నాం. అక్కడున్నవి ఇవి:

ఈ0 బీ0 85, ఈ0 బీ0 ఏఈ, ఈ0 బీ1 8డీ, ఈ0 బీ0 ఏఈ, చివర 00.

ఇవి పదహారు అంకెల లెక్కలో రాసిన సంఖ్యలు. తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలను అంకెలుగా వాడతారు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. మొదటి మూడు ‘అ’, తర్వాతి మూడు ‘మ’, ఆపైన పొల్లు, మళ్లీ ‘మ’. చివరి సున్న మాట అయిపోయిందని చెప్పే గుర్తు. అంటే ‘అమ్మ’ చెక్కుచెదరకుండా లోపలే ఉంది.

మరి స్ట్రింగ్స్ ఎందుకు చూపలేదు? ఆ పనిముట్టు మామూలుగా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, వాటి గుర్తులు వరుసగా నాలుగైనా ఉంటేనే మాటగా లెక్కిస్తుంది. తెలుగు బైట్లు ఆ పట్టికలో లేవు కనుక దాటేస్తుంది. హైఫన్, చిన్న ‘ఈ’, పెద్ద ‘ఎస్’ జోడిస్తే వాటినీ లెక్కలోకి తీసుకుంటుంది. కాస్త చెత్త కూడా వస్తుంది, అందులోంచి ఏరుకోవాలి.

ప్రోగ్రాములో తప్పు లేదు. ఆ కంప్యూటరులో తెలుగు ఫాంటు లేదు, అంతే. ఫాంటు వేశాక ఒత్తు కాస్త పక్కకు జరిగినా ‘అమ్మ’ తెర మీదికి వచ్చింది.

ఇరుగుపొరుగు అక్షరాలు

అక్కడితో ఆగకుండా పక్క బెంచీ అబ్బాయి అదే మాటను కన్నడంలో రాసి చూశాడు. ఈ0 బీ2 85, ఈ0 బీ2 ఏఈ, ఈ0 బీ3 8డీ, ఈ0 బీ2 ఏఈ. ప్రతి అక్షరంలోనూ నడిమి బైటు ఒక్కటే మారింది, అదీ రెండంటే రెండు అంకెలు. యూనికోడులో మన లిపులకు వరుసగా 128 గళ్ల చొప్పున కేటాయించారు. తమిళం, తెలుగు, కన్నడం పక్కపక్కనే ఉన్నాయి. అక్షరాల అమరికా దాదాపు ఒకటే. నడిమి బైటు చూస్తే ఏ లిపో చెప్పేయవచ్చు: దేవనాగరికి ఏ4, ఏ5, ఒడియాకు ఏసీ, ఏడీ, తమిళానికి ఏఈ, ఏఎఫ్, తెలుగుకు బీ0, బీ1, కన్నడానికి బీ2, బీ3.

బరంపురంలోనైనా, బళ్లారిలోనైనా, షోలాపూరులోనైనా మన ఉపాధ్యాయులు ఒక్క పీరియడులో చేయించగల పాఠం ఇది. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష మాట్లాడే మన పిల్లలకు రెండు లిపులూ చేతిలో ఉన్నాయి. పోల్చి చూసే వీలు వాళ్లకే ఎక్కువ.

తల్లిదండ్రులకు ఒక మాట దాచకుండా చెప్పాలి. కమాండ్ల పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. అవి నేర్చుకోక తప్పదు. కానీ ‘యూ’ అంటే ఏమిటో, ఆ చుక్కలు ఎందుకు వచ్చాయో ఆ పిల్లలకు అర్థమైంది తెలుగులో చెప్పుకున్నప్పుడే. యంత్రానికి తెలుగు మీద పేచీ లేదు. మనం వాడిన పనిముట్టు చూపలేదని మాటనే చెరిపేసుకోబోయాం. వచ్చే చేరికల్లో ఆ ప్రశ్న అడిగిన వారిని ఒకసారి కంప్యూటర్ గదికి తీసుకెళ్లి ఆ పదమూడు బైట్లు చూపించండి.