స్టేషనుకు చేరే దారి: మారతహళ్ళి పరిసర రైల్వే స్టేషన్ల పునరభివృద్ధిపై స్థానికుల అభిప్రాయాలు

మారతహళ్ళి పేరుతో నేటికీ రైల్వే స్టేషను లేదు. ఈ ప్రాంతవాసులు రైలు ఎక్కవలసివస్తే ఉత్తరాన కృష్ణరాజపురానికో, దక్షిణాన బెళ్ళందూరు రోడ్డు స్టేషనుకో పోవాలి. మొదటిది 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు వేసిన పాత మార్గం మీద ఉన్నది. ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. రెండవది హోసూరు మీదుగా సేలం పోయే మార్గంలోని చిన్న స్టేషను. అక్కడ ఆగే బండ్లు తక్కువ. ఒకచోట జనం ఎక్కువై చోటు చాలదు, మరొకచోట చోటున్నా బండ్లు లేవు. ఈ రెండు స్టేషన్ల పరిసరాలను ఏ విధంగా బాగుచేయాలన్న ప్రశ్న మారతహళ్ళి, మున్నేకొళాల, పాణత్తూరు, కాడుబీసనహళ్ళి నివాసులందరికీ సంబంధించినది.

ఇక్కడి పాత ఊళ్ళలో తరతరాలుగా తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలున్నాయి. గత పాతికేళ్ళలో సాఫ్ట్‌వేర్ కొలువులకూ, కట్టడపు పనులకూ ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవారు అంతకంటే ఎక్కువమంది. కాకినాడ నుంచి తిరుపతి మీదుగా వచ్చే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లు కృష్ణరాజపురంలో ఆగుతాయి. అయినప్పటికీ పండుగలకు ఊరికి పోయేవారిలో పలువురు మారతహళ్ళిలోనే దొరికే ప్రైవేటు రాత్రి బస్సును ఆశ్రయిస్తారు. సంక్రాంతికి బస్సు ఛార్జీలు పెరుగుతాయని తెలిసినా ఆ దారే ఎంచుకుంటారు. సామాను, పిల్లలు, వృద్ధులతో స్టేషను దాకా చేరడమే కష్టమన్నది వారు చెప్పే కారణాలలో ముఖ్యమైనది.

ప్రతిపాదనలో ఉన్న పనులు

పునరభివృద్ధి అనే ఒక్క మాట కింద ఇక్కడ నాలుగు వేర్వేరు పనులున్నాయి. వాటిని కలగాపులగం చేయడం వల్లనే చర్చలో గందరగోళం ఏర్పడుతున్నది.

మొదటిది అమృత్ భారత్ స్టేషన్ పథకం. దీని కింద దేశంలో 553 స్టేషన్ల పనులకు 2024 ఫిబ్రవరి 26న శంకుస్థాపన జరిగింది. బెంగళూరు రైల్వే డివిజనులో కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డులతోపాటు ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం, హిందూపురం కూడ ఆ జాబితాలో ఉన్నాయి. ప్రవేశ భవనం, ప్లాట్‌ఫారాల పైకప్పులు, వేచియుండే గదులు, లిఫ్టులు, వాహనాలు నిలిపే స్థలం మొదలైనవి ఈ పథకం పరిధిలోనివి.

రెండవది బైయప్పనహళ్ళి, హోసూరుల మధ్య 48 కిలోమీటర్ల మార్గాన్ని జంట మార్గంగా మార్చే పని. ఒకే పట్టా ఉన్న దారిలో ఎదురుబండి వెళ్ళేవరకు మరొకటి ఆగవలసి ఉంటుంది. బెళ్ళందూరు రోడ్డులో బండ్ల సంఖ్య పెంచడానికి ఇది పెద్ద అడ్డంకి.

మూడవది బెంగళూరు ఉపనగర రైలు పథకం. మొత్తం 148 కిలోమీటర్లు, నాలుగు మార్గాలు. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన అంచనా 15,767 కోట్ల రూపాయలు. ఇందులో హీలలిగె నుంచి రాజానుకుంటె వరకు సుమారు 46 కిలోమీటర్ల ‘కనక’ మార్గం ఈ ప్రాంతం గుండా పోతుంది. కార్మెలరామ్, బెళ్ళందూరు రోడ్డుల తరువాత మారతహళ్ళి పేరుతోనే ఒక స్టేషను ఈ ప్రణాళికలో ఉన్నది. 2022 జూన్ 20న శంకుస్థాపన జరిగినపుడు 40 నెలల లక్ష్యం ప్రకటించారు. ఆ గడువు 2025 అక్టోబరుతో దాటిపోయింది, పనులు పూర్తికాలేదు.

నాలుగవది మెట్రో. సిల్క్ బోర్డు నుంచి కృష్ణరాజపురం వరకు వలయ రహదారి వెంట నిర్మించే నీలి మార్గానికి 2021లో ఆమోదం లభించింది. అందులోనూ మారతహళ్ళికి స్టేషను ఉన్నది.

స్థానికులు కోరుతున్నది

రైలు కావాలన్న విషయంలో ఈ నగర పౌరులకు భేదాభిప్రాయం లేదు. ఉపనగర రైలు కోసం ‘చుకు బుకు బేకు’ అనే నినాదంతో 2016 చివర పౌరులే ఉద్యమించారు. భేదమంతా స్టేషను చుట్టుపక్కల ఏమి మారాలి, ఎవరికోసం మారాలి అన్న దగ్గర వస్తుంది. తరచుగా వినవచ్చే అభిప్రాయాలను నాలుగు విధాలుగా చెప్పవచ్చును.

ఉద్యోగానికి పోయేవారికి భవనం కంటే సమయపట్టిక ముఖ్యం. ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళలకు తగినట్టు మెము బండ్లు నడిస్తే వలయ రహదారి మీద గంటల తరబడి నిలిచే కష్టం తగ్గుతుందని వారు వాదిస్తారు. బండి లేని స్టేషనుకు ఎంత అందమైన ముఖద్వారం కట్టినా ఉపయోగం లేదన్నది వారి మాట.

స్త్రీలు, వృద్ధులు, వికలాంగులు ఉన్న కుటుంబాల దృష్టి వెలుతురు మీద, కాలిబాట మీద నిలుస్తుంది. బెళ్ళందూరు రోడ్డు వంటి చోట చీకటి పడిన తరువాత బండి దిగి ప్రధాన రహదారి వరకు నడవడం గురించి వారికి భయముంది. పాణత్తూరు వద్ద పట్టాల కింది ఇరుకుదారి వాహనాలకే చాలక జనం ఏళ్ళుగా అవస్థపడిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. అటువంటి చోట పాదచారి పరిస్థితిని ఎవరూ లెక్కలోకి తీసుకోరన్నది వారి ఆవేదన.

స్టేషను బయట టీ, పూలు, పండ్లు అమ్ముకునేవారికి, ఆటో తోలేవారికి పునరభివృద్ధి అనగానే తొలగింపు గుర్తుకు వస్తుంది. వారు పనులను వ్యతిరేకించడం లేదు. పనులు ముగిసిన తరువాత తమకు చోటుంటుందా అని మాత్రమే అడుగుతున్నారు. దుకాణాలు తెరిచి ఉండడం వల్లనే రాత్రివేళ స్టేషను దారిలో మనుషుల అలికిడి ఉంటుందని, అదే ప్రయాణికులకు రక్షణ అని చెప్పే నివాసులు కూడ ఉన్నారు. దుకాణాల వల్ల నడిచే దారి మూసుకుపోతున్నదనే ఫిర్యాదు కూడ అంతే నిజం.

పట్టాల పక్క పాత ఊళ్ళవారి చింత నేల గురించి, నీటి గురించి. కొత్త మార్గానికి భూమి పోతే పరిహారమెంత, రాకపోకలకు మిగిలే దారి ఏది, కట్ట ఎత్తు పెంచితే వాననీరు ఎటు పోతుంది అన్నవి వారి ప్రశ్నలు. ఒకదానినుంచి మరొకదానికి నీరు పారే చెరువుల వరుసలో ఉన్న ఈ ప్రాంతంలో చివరి ప్రశ్నను తేలికగా తీసుకోవడానికి వీలులేదు.

రెండు పొరుగు పాఠాలు

ఈ అభిప్రాయాల బరువు తెలియడానికి నగరంలోనే రెండు ఉదాహరణలున్నాయి. బైయప్పనహళ్ళిలో 314 కోట్ల రూపాయలతో, ఏడు ప్లాట్‌ఫారాలతో నిర్మించిన సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్ 2022 జూన్ 6న సేవలు ప్రారంభించింది. విమానాశ్రయాన్ని తలపించే భవనమని అందరూ మెచ్చుకున్నారు. కాని ఇరుకు దారులు, మెట్రో స్టేషను నుంచి సామానుతో రావడంలోని ఇబ్బంది, ఆటో ఛార్జీలు మొదటి రోజు నుంచే ఫిర్యాదులయ్యాయి. భవనానికి పెట్టిన శ్రద్ధ దారికి పెట్టకపోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

రెండవది కంటోన్మెంటు. అక్కడి రైల్వే కాలనీ స్థలంలో వాణిజ్య నిర్మాణం కోసం వందలాది చెట్లు కొట్టివేసే ప్రతిపాదన వచ్చినపుడు 2025లో నివాసులు, పర్యావరణ ప్రియులు అభ్యంతరాలు తెలిపారు. ఆ స్థలాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించాలన్న ఆలోచన దాకా విషయం వెళ్ళింది. స్టేషను పరిసరమంటే ప్రయాణికులది మాత్రమే కాదని, అక్కడ నీడ అనుభవించేవారిది కూడ అని ఆ చర్చ గుర్తుచేసింది.

ఏ పనికి ఎవరు బాధ్యులు

ప్లాట్‌ఫారం, పట్టాలు, స్టేషను ఆవరణ నైరుతి రైల్వే బెంగళూరు డివిజనువి. ఉపనగర రైలు, హోసూరు జంట మార్గం పనులు రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే శాఖ కలిసి ఏర్పాటు చేసిన కే-రైడ్ సంస్థవి. మెట్రో బీఎంఆర్‌సీఎల్‌ది, నగర బస్సు బీఎంటీసీది. ఆవరణ దాటిన తరువాత కాలిబాట, వీధిదీపం, మురుగుకాలువ నగరపాలక వ్యవస్థవి. 2025 సెప్టెంబరు 2న బృహత్ బెంగళూరు మహానగర పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం కింద ఐదు నగరపాలక సంస్థలు ఏర్పడ్డాయి; మహదేవపుర, కృష్ణరాజపురం ప్రాంతాలు తూర్పు నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చాయి.

ఇంటి నుంచి బండి దాకా ప్రయాణికుడు నడిచేది ఒకే దారి. ఆ దారి మాత్రం ఇన్ని సంస్థల సరిహద్దులు దాటుతుంది. కాలిబాట స్టేషను ద్వారానికి పది గజాల ముందే ఆగిపోవడానికి, బస్సు దూరంగా నిలవడానికి మూలం తరచుగా ఇక్కడే ఉంటుంది.

సరిహద్దు మారితే హక్కు కూడ మారుతుంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇవ్వకముందు విక్రేతలను తొలగించరాదు. పట్టణ విక్రయ సంఘంలో కనీసం 40 శాతం సభ్యులు ఎన్నికైన విక్రేతలై ఉండాలి. అయితే రైల్వే స్వాధీనంలోని భూమికి ఆ చట్టం వర్తించదు. ఒకే వీధిలో, నాలుగడుగుల తేడాలో కూర్చున్న ఇద్దరు పూలమ్మేవారిలో ఒకరికి రక్షణ ఉండి మరొకరికి లేకపోవచ్చును. అందువల్ల పనులు ప్రారంభం కాకముందే హద్దులు కొలిచి, అమ్మకపు స్థలాన్ని నకాషాలో చూపించడం అవసరం.

అభిప్రాయం తెలిపే విధానం

కాలిబాట, దీపాలు, కాలువల విషయం వార్డు సమితి ముందు పెట్టవచ్చును. బండ్ల వేళలు, ఆగే చోట్ల గురించి డివిజను స్థాయి రైల్వే వినియోగదారుల సంప్రదింపుల సంఘానికి విన్నవించవచ్చును. స్టేషనులోని లోపాలను 139 నంబరుకు తెలుపవచ్చును. ప్రజాప్రయోజన పనికోసం 50కి మించి చెట్లు కొట్టవలసి వచ్చినపుడు కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం బహిరంగ ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు స్వీకరించాలి. గడువులోగా వ్రాతపూర్వకంగా పంపినవే లెక్కకు వస్తాయి.

‘స్టేషను బాగుచేయండి’ అన్న విన్నపానికి జవాబు చెప్పడం ఏ కార్యాలయానికీ కష్టం కాదు, పని చేయడమే కష్టం. ఏ మలుపు దగ్గర దీపం లేదు, ఏ వేళ బండి కావాలి, ఏ కాలువ పొంగుతుంది అని చోటు, వేళ పేర్కొంటూ వ్రాసిన విన్నపాన్ని పక్కకు నెట్టడం అంత సులభం కాదు. ఒకే విన్నపం ప్రతిని సంబంధిత సంస్థలన్నింటికీ పంపితే, అది తమ పరిధి కాదని ఒకరి మీద ఒకరు వేసుకునే అవకాశం తగ్గుతుంది.

ఉద్యోగి కోరే బండి వేళ, వృద్ధురాలు కోరే దీపం, విక్రేత కోరే చోటు, పాత ఊరివారు కోరే కాలువ ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు. నాలుగింటికీ స్థలం అవసరమైనది స్టేషను ద్వారానికి బయటనే. కొత్త నకాషా ప్రజల ముందుకు వచ్చినపుడు భవనపు చిత్రం కంటే ముందుగా ఆ ద్వారం బయటి గీతలను పరిశీలించడం స్థానికులకు మేలు.