క్రీడోత్సవమున పాలకొల్లు మాండలిన్

మహాక్రీడోత్సవములకు సంగీతజ్ఞుల నెన్నుకొనువారు తరచుగా నాటి మోజునే చూతురు. విద్యయే ప్రమాణము కావలెనని మేము తలంచుచున్నాము.

1992వ సంవత్సరమున స్పెయిను దేశమందలి బార్సిలోనాలో ఒలింపిక్ క్రీడలకు సంబంధించిన కళోత్సవమునకు, మన పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాసుగారు ఆహ్వానింపబడిరి. మాండలిన్ పాశ్చాత్యవాద్యము; కర్ణాటక సంగీతమున కది తగదని తొలుత శంకించినవారు కలరు. ఆరేండ్ల బాలుని యాసక్తిని గుర్తించి తండ్రి సత్యనారాయణగారు వాద్యము కొనియిచ్చి తొలిపాఠములు చెప్పిరి. పిదప గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యము వాయించుట రాదు. వారు పాడుచుండ బాలుడు విని తీగెలపై పలికించెడివాడు.

సోదరీమణులారా! బార్సిలోనా పిలుపునకు తొలిమెట్టు ఆ యింటనే పడినది. మీ బిడ్డ, ఆడుబిడ్డయైనను సరే, ఏ వాద్యమును చేపట్టినను "ఇది మనకేల?" యని వారింపకుడు.