ఆదివారం గోళీ

మా నాయనమ్మకు మందుల డబ్బా కొనిచ్చింది నేనే. ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా, ఒక్కో గది మీద ఒక్కో వారం పేరు. షామీర్‌పేట చెరువు దాటి కాస్త లోపలికి వెళ్తే మా ఊరు. అమ్మానాన్న పనికి, నేను కాలేజీకి పోతే పొద్దంతా ఇంట్లో ఆమె ఒక్కతే. కీళ్లవాతం మొదలై రెండేళ్లయింది. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు మడవలేదు, చాయ్ గ్లాసు కూడా పట్టలేదు. డాక్టర్ చీటీలో రెండు గోళీలు ఉండేవి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కటి, ఆదివారం. ఫోలిక్ యాసిడ్ మిగతా ఆరు రోజులు. మా ఇంటికొచ్చిన రెండు గోళీలూ చిన్నవే, రెండూ పసుపుపచ్చవే. ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి, ఫోన్ చెవికి పెట్టుకుని, గదులన్నీ నింపింది కూడా నేనే. తారుమారు చేశాను. ఆరు గదుల్లో మెథోట్రెక్సేట్, ఆదివారం గదిలో ఫోలిక్ యాసిడ్.

శుక్రవారం పొద్దున "నోరంతా పొక్కింది బిడ్డా, బువ్వ మింగుడు పడ్తలేదు" అంది. ఎండాకాలం కదా, వేడి చేసిందనుకున్నాం. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాం. శనివారానికి జ్వరం. మేడ్చల్ వైపు ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టర్ నోట్లో టార్చి వేసి చూసి, "ఏమేం మందులు వాడుతున్నారో అన్నీ తెచ్చారా?" అని అడిగింది. అమ్మ సంచిలోంచి డబ్బా తీసింది. డాక్టర్ శనివారం గది తెరిచి చూసింది. తర్వాత ఆదివారం గది. "ఇవి ఎవరు పెట్టారు?"

రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. తొమ్మిది రోజులు వార్డులో ఉంది. బతికింది కాబట్టి ఇలా రాయగలుగుతున్నాను. ఆ తొమ్మిది రోజులూ దొరికిన ప్రతి డాక్టర్నీ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నా. వాళ్లు చెప్పినవీ, తర్వాత నేను చదివినవీ కలిపితే ఈ వ్యాసం.

ముందు ఆ గోళీ సంగతి. దాని వెనక ఉన్నది మనవాడే. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టాడు. 1923లో అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. అలాంటి రక్తహీనతకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ తర్వాత అదే బృందం తిరగేసిన పని ఒకటి చేసింది. ఫోలిక్ యాసిడ్ లాగే కనిపిస్తూ, దాని స్థానంలో కూర్చుని, పని మాత్రం జరగనివ్వని అణువుల్ని తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. అప్పటిదాకా చేతులెత్తేసిన జబ్బు కొన్నాళ్లపాటైనా వెనక్కి తగ్గింది. సుబ్బారావు ఆ ఏడాదే ఆగస్టులో చనిపోయాడు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్.

పని తీరు మన భాషలో చెప్తాను. కొత్త కణం తయారవ్వాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏకి ఫోలిక్ యాసిడ్ కావాలి. కానీ అది నేరుగా పనికిరాదు, ఒక ఎంజైమ్ దాన్ని మార్చి పంపాలి. మెథోట్రెక్సేట్ వెళ్లి ఆ ఎంజైమ్‌ను పట్టుకుని కూర్చుంటుంది. కొంపల్లి దగ్గర లారీ అడ్డం తిరిగినట్టు. ఎక్కువగా దెబ్బతినేవి ఎక్కువగా పెరిగే కణాలే: క్యాన్సర్ కణాలు, వాటితోపాటు ఎముక మజ్జ, నోటి లోపలి పొర, పేగు గోడ. నాయనమ్మ నోటి పూత వేడి కాదు, ఇదీ. ఆస్పత్రిలో ఆమెకు ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లిచ్చారు. పేర్లో ఒక్క అక్షరమే ఎక్కువ, కానీ అది అడ్డు పడ్డ చోటికి అవతల కలిసే సర్వీస్ రోడ్డు. ఆ ఎంజైమ్‌తో పని లేకుండానే కణానికి అందుతుంది.

ఇక అసలు విషయం. ఒకే మందును ఒక్కో విభాగం డాక్టర్ ఒక్కో కన్నుతో చూస్తాడు. క్యాన్సర్ డాక్టర్‌కు అది కణాల్ని చంపే ఆయుధం. కొన్ని క్యాన్సర్లలో గ్రాముల లెక్కన ఎక్కించి, వెంటనే ఫోలినిక్ యాసిడ్‌తో మంచి కణాల్ని కాపాడుకుంటారు. కీళ్ల డాక్టర్‌కు వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు చాలు. అక్కడ ఉద్దేశం చంపడం కాదు, మన కీళ్ల మీదికే దండెత్తిన మన రోగనిరోధక శక్తిని కాస్త శాంతపరచడం. అమెరికాలో కీళ్లవాతానికి దీన్ని అనుమతించింది 1988లో. అంటే క్యాన్సర్‌కు వాడటం మొదలై దాదాపు నలభై ఏళ్లయ్యాక. చర్మం డాక్టర్ సోరియాసిస్‌కు రాస్తాడు. రాసేముందు అతను అడిగే మొదటి ప్రశ్న "కల్లు గానీ, మందు గానీ అలవాటుందా?" అని. ఎందుకంటే అతని భయమంతా కాలేయం మీద.

గైనకాలజిస్ట్ చూపు వీటన్నిటికంటే వేరు. కీళ్ల డాక్టర్ వయసులో ఉన్న ఆడవాళ్లకు ఈ మందు రాస్తూ, గర్భం రాకూడదని, పిల్లలు కావాలనుకుంటే ముందే చెప్పి మందు మానాలని గట్టిగా చెప్తాడు. పిండం పెరుగుదలను దెబ్బతీస్తుంది కనక. అదే కారణంతో, గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచిన గర్భాన్ని తొందరగా గుర్తిస్తే, ట్యూబు పగలకముందే గైనకాలజిస్ట్ ఇదే మందును ఇంజెక్షన్‌గా ఇచ్చి ఆపరేషన్ తప్పిస్తుంది. ఒకరు ప్రమాదం అన్నదే ఇంకొకరికి వైద్యం.

జనరల్ ఫిజీషియన్ మాట ఎవరూ పట్టించుకోరు గానీ, నాకు బాగా నచ్చింది ఆయన చూపే. ఆయన మందును కాదు, మందుల సంచిని చూస్తాడు. మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి పోయేది కిడ్నీల ద్వారా. వయసు మీదపడి కిడ్నీ కాస్త మందగిస్తే సరిపోయే మోతాదు కూడా ఎక్కువవుతుంది. మూత్రంలో మంట అని ఎవరో సల్ఫా గోళీ, అదే కోట్రైమాక్సజోల్, ఇస్తే అదీ ఫోలిక్ యాసిడ్ దారికే అడ్డం పడుతుంది. రెండూ కలిస్తే మజ్జ పని అయిపోతుంది. నాయనమ్మ నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోళీలు ఆమె సంచి అడుగున దొరికాయి. ఆ సంగతి మాకే తెలీదు.

డిశ్చార్జి అయిన నెలన్నరకు రక్తం కుదుటపడింది. అప్పుడు కీళ్ల డాక్టర్ మళ్లీ అదే మందు, తక్కువ మోతాదుతో రాశాడు. నాకు మండింది. "సార్, మళ్లీ ఈ పాత చింతకాయ పచ్చడేనా? మా ఊరి పక్కనే జీనోమ్ వ్యాలీ ఉంది, ప్రపంచానికి కొత్త మందులు, టీకాలు అక్కడినుంచి పోతున్నాయి" అన్నా. ఆయన నవ్వాడు. "జ్వరం తగ్గినోళ్లకు మీ ఇంట్ల ఏం పెడ్తరు? పాత చింతకాయ పచ్చడే గదా?" అన్నాడు.

ఆయన చెప్పింది నేను అర్థం చేసుకున్నంత వరకు ఇది. కొత్త మందులు లేవని కాదు. కీళ్లవాతంలో వాపును పెంచే ఒక్కో ప్రొటీన్‌ను గురిచూసి పట్టుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు వచ్చాయి. మెథోట్రెక్సేట్‌కు లొంగని వాళ్లకు అవి జీవితాన్నే మార్చేశాయి. కానీ టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటే, ఊపిరితిత్తుల్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న టీబీ లేచి కూర్చోవచ్చు. ఈ ప్రమాదం అన్ని దేశాల్లోనూ ఉన్నదే, కానీ మన దేశంలో అలా నిద్రపోయే టీబీ ఎందరిలో ఉందో చూస్తే, ఇక్కడి డాక్టర్ ఆ ఇంజెక్షన్ పట్టుకునే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష ఎందుకు అడుగుతాడో అర్థమవుతుంది. పైగా ఖర్చు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక చాయ్ ధర. బయోలాజిక్ ఇంజెక్షన్ వేలల్లో.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని 353 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు దానికి తోడు మరో రెండు పాత చవక గోళీలు కలిపారు, ఇంకో గుంపుకు ఎటనర్‌సెప్ట్ అనే బయోలాజిక్ కలిపారు. ఏడాది దగ్గరపడేసరికి పాత గోళీల గుంపు ఏమీ వెనకబడలేదు. అందుకే చాలామంది డాక్టర్లు మెట్లు ఎక్కినట్టు వెళ్తారు. పై మెట్టు ఉందని కింది మెట్టు వదలరు.

తర్వాత గోళీల రూపంలో జాక్ ఇన్హిబిటర్లు వచ్చాయి. సూది బాధ లేదు. టోఫాసిటినిబ్‌కు 2012లో అమెరికాలో అనుమతి దొరికింది. యాభై దాటి, గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్ల మీద ఏళ్ల తరబడి గమనించి చూస్తే, టీఎన్ఎఫ్ ఇంజెక్షన్లు వాడినవాళ్లకంటే వీళ్లలో గుండెపోట్లు, క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. 2021లో అక్కడి ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక జోడించింది. మరి అనుమతి ఇచ్చినప్పుడు చూసుకోలేదా? ఇక్కడ మన ప్రాబబిలిటీ క్లాసు పనికొస్తుంది. మూడు వేల మందికి మందిచ్చారు, ఒక్కరికీ ఫలానా ఇబ్బంది రాలేదు అనుకుందాం. అయినా ఆ ఇబ్బంది వెయ్యిమందిలో ఒకరికి వచ్చే అవకాశాన్ని కొట్టిపారెయ్యలేం. మూడును మందితో భాగించడమే లెక్క, 95 శాతం నమ్మకంతో. కొత్త మందు బజారుకొచ్చేనాటికి దాన్ని తీసుకున్నవాళ్లు మామూలుగా కొన్ని వేలమందే. లక్షలమంది, పదేళ్లు వాడాకే బయటపడేవి ఉంటాయి. మెథోట్రెక్సేట్ చెడ్డ గుణాలన్నీ డాక్టర్‌కు తెలుసు. ఏ నెలలో ఏ పరీక్ష చేయిస్తే ఏది ముందే దొరుకుతుందో తెలుసు. కొత్తదాని గుణాలు ఇంకా కాగితం మీద ఎక్కుతూనే ఉన్నాయి. 'కొత్తది కదా, మంచిదే అయ్యుంటుంది' అని మనం అనుకునేచోట డాక్టర్ 'కొత్తది కదా, ఇంకా ఏం చూడలేదో' అనుకుంటాడు.

అయితే డాక్టర్లంతా ఒకే మాట మీద ఉంటారనుకోకండి. వార్డులో ఒక కుర్ర డాక్టర్ ఇందుకు పూర్తిగా ఎదురు మాట్లాడాడు. మెట్లు మెట్లు అని కాలం గడిపితే ఈలోపు కీలు అరిగిపోతుంది, అరిగిన కీలు ఏ మందుకూ తిరిగి రాదు అన్నాడు. జబ్బు దూకుడుగా ఉన్నవాళ్లకు తొందరగా పెద్ద మందుకు వెళ్లాలన్నది అతని వాదన. నాకది కూడా నిజమే అనిపించింది. ఇద్దరిదీ ఒకే పుస్తకం, ముందున్న పేషెంట్లే వేరు.

నాయనమ్మకు మందు మళ్లీ మొదలుపెట్టేముందు చేయించిన పరీక్షల్లో హెపటైటిస్-బి ఒకటి. ఎందుకంటే రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు కాలేయంలో దాక్కున్న ఆ వైరస్‌ను లేపగలవు. రిటుక్సిమాబ్‌తో ఆ భయం మరీ ఎక్కువ. (హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లో దాని బయోసిమిలర్ తెచ్చింది. లింఫోమాకు పుట్టిన మందు, ఇప్పుడు కీళ్లవాతానికీ వాడతారు.) నాయనమ్మకు ఆ పరీక్ష నెగెటివ్ వచ్చింది. మా తరంలో చాలామందికి చిన్నప్పుడే ఆ టీకా పడింది. అది అంత తేలిగ్గా దొరకడానికి కారణాల్లో ఒకటి మేడ్చల్‌లోనే ఉంది. 1993లో వరప్రసాద్ రెడ్డి మొదలుపెట్టిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో ఈస్ట్ కణాల్లో తయారుచేసిన హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. జన్యు పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అదే. అప్పటిదాకా దిగుమతి టీకా మామూలు ఇళ్లకు అందని ధర. ఆ వరప్రసాద్ రెడ్డి డాక్టరూ కాదు, బయాలజిస్టూ కాదు. మనలాంటి ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్. మన క్లబ్ వాళ్లకు ఇంకా నచ్చే సంగతి, 'హాసం' అనే హాస్య సంగీత పత్రికను నడిపిందీ ఆయనే. 2009లో కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది. ఒక కొత్త మందు నిజంగా కొత్తగా చేసిన పని అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. అది జబ్బును రాకుండానే ఆపింది, ధర దించింది. అందుకే పిల్లల డాక్టర్లు దాన్ని చేతులు చాచి తీసుకున్నారు. కొత్తదని వెనకాడలేదు.

మందు వల్ల మీ ఇంట్లో ఎవరికైనా తేడా చేస్తే చెప్పడానికి ఒక నంబర్ ఉంది, 1800-180-3024. దేశంలో మందుల దుష్ప్రభావాల్ని నమోదుచేసే కార్యక్రమానిది. డాక్టరే చెయ్యాలని లేదు, మనమూ చెయ్యొచ్చు.

ఏడు గదుల డబ్బా ఇంకా ఉంది. అందులో ఇప్పుడు ఫోలిక్ యాసిడ్, బీపీ గోళీ మాత్రమే ఉంటాయి. మెథోట్రెక్సేట్ స్ట్రిప్ అమ్మ బీరువాలో, తాళం వేసి. డాక్టర్ చీటీ మీద ఎర్ర పెన్నుతో తెలుగులో 'ఆదివారం మాత్రమే' అని రాసి కింద గీత గీశాడు. నాయనమ్మకు చదువు రాదు. ఆదివారం మాత్రం మర్చిపోదు, ఆ రోజు ఇంట్లో కోడికూర. తిన్నాక చెయ్యి కడుక్కుని, అమ్మ గోళీ తెచ్చి అరచేతిలో పెడితే, ఒకసారి నా వైపు చూసి మింగుతుంది.